వ్యవస్థా ఫైళ్లును స్వకీయ ఫైళ్లును: కంప్యూటరునందలి నామ స్థాన వివేచనము

ద్వారక యను పేరు వినినంతనే తెలుగు పాఠకునకు శ్రీకృష్ణుని రాజధాని స్ఫురించును. గుజరాతు రాష్ట్రమున సముద్రతీరమందలి ద్వారక యాత్రికులకు సుపరిచితము. ఆంధ్రదేశమున చిన్న తిరుపతి యని ప్రసిద్ధి కెక్కిన ద్వారకా తిరుమల కలదు. విశాఖపట్టణమున ఆర్.టి.సి. బస్సుల కూడలికి ద్వారకా బస్‌స్టేషను అని పేరు. ఢిల్లీ మహానగరమునకు నైరుతి భాగమున, ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునకు చేరువలో, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నిర్మించిన ఉపనగరమును ద్వారకయే. ఈ ఉపనగర ప్రణాళిక మొదట పప్పన్‌కలాన్ అను గ్రామనామముతో వ్యవహరింపబడెను. కావున 'ద్వారక' అని మాత్రము పైన వ్రాసిన ఉత్తరము ఎచ్చటికి చేరునో చెప్పజాలము. ఢిల్లీ ద్వారకలోని తెలుగు కుటుంబమునకు అది చేరవలెనన్నచో ఇంటి సంఖ్య, సొసైటీ పేరు, ప్లాటు, సెక్టరు, నగరము, పిన్‌కోడు అన్నియు కావలెను. ఈ ఉపనగరమున వీధి పేర్లకంటె సెక్టరు సంఖ్యలకే వ్యవహారము మెండు. నేతాజీ సుభాస్ సాంకేతిక విశ్వవిద్యాలయము 3వ సెక్టరునను, గురు గోవింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయము 16-సి సెక్టరునను ఉన్నవి. 'ద్వారకలోని విశ్వవిద్యాలయము' అనిన మాత్రమున ఆటో నడుపువాడు సహితము కదలడు.

కంప్యూటరునందలి ఫైలు విషయమును ఇట్టిదియే. పరిశోధక విద్యార్థి యొకడు తన సిద్ధాంతవ్యాసములోని ఒక భాగమునకు 'మూడవ అధ్యాయము' అని పేరు పెట్టెననుకొందము. ఆ పేరుగల ఫైలు తెరమీద, అనగా డెస్క్‌టాప్‌పై, ఒకటియు, డౌన్‌లోడ్స్ అను ఫోల్డరులో ఒకటియు, పెన్‌డ్రైవులో ఒకటియు ఉండవచ్చును. పేరొకటియైనను అవి మూడు ఫైళ్లు. ఒకదానిలో చేసిన సవరణ తక్కిన రెండింటికిని తెలియదు. యంత్రము ఫైలును గుర్తించునది దాని పేరుచేత మాత్రమే కాదు, అది ఉన్న చోటుచేతను గూడ. ఆ చోటును తెలుపు సంపూర్ణమైన విలాసమునకు మార్గము అని పేరు. విండోస్ అను ఆపరేటింగు సిస్టమునందు అది 'సి:\యూజర్స్\విద్యార్థి\డాక్యుమెంట్స్\సిద్ధాంతవ్యాసము\మూడవ అధ్యాయము.డాక్స్' అను రీతిగ నుండును. వెనుకకు వాలిన గీత యొక్కొక్కటియు ఒక్కొక్క గడపను సూచించును.

ఈ మార్గక్రమమున ఒక విశేషము కలదు. ఆంగ్లపద్ధతిలో విలాసము ఇంటితో మొదలై దేశముతో ముగియును. కంప్యూటరు మార్గము పెద్దదానితో మొదలై చిన్నదానితో ముగియును. పాత తెలుగు దస్తావేజులలో 'గుంటూరు జిల్లా, తెనాలి తాలూకా, ఫలానా గ్రామ కాపురస్తుడు' అని వ్రాసిన క్రమమును ఇదియే. ఈ విషయమున యంత్రము తెలుగువాని నుడికారమునకే దగ్గరగ నున్నది.

ఫోల్డరు అనగానే పత్రములను లోపల దాచు సంచి యను భావన కలుగును. ఈ భావన బొమ్మవలన పుట్టినది. 1981లో జిరాక్స్ సంస్థ 'స్టార్' అను యంత్రమున కార్యాలయపు బల్లను, దానిమీది కాగితములను, ఫోల్డర్లను తెరపై చిత్రములుగ చూపెను. ఆ చిత్రములే నేటికిని నిలిచినవి. వాస్తవమున ఫోల్డరు సంచి కాదు; అదియొక పట్టిక. ఏ పేరుగల ఫైలు డిస్కులో ఏ స్థలమున నున్నదో తెలుసుకొనుటకు వలసిన జాడ యందు వ్రాయబడి యుండును. ఒకే డిస్కు విభాగములో ఒక ఫైలును ఒక ఫోల్డరునుండి మరియొక ఫోల్డరునకు మార్చినపుడు అందలి విషయము అంగుళమైనను కదలదు. పట్టికలోని పద్దు మాత్రము మారును. ద్వారకా తిరుమల 2022 ఏప్రిలు వరకు పశ్చిమగోదావరి జిల్లాలోనిది. జిల్లాల పునర్వ్యవస్థీకరణమున ఏలూరు జిల్లాలోనిది ఆయెను. కొండమీది గుడిలో ఒక్క రాయి కదలలేదు. జిల్లా పట్టిక మారినది. పెద్ద ఫైలు ఒక ఫోల్డరునుండి మరియొకదానికి రెప్పపాటున మారుటకును, అదే ఫైలు పెన్‌డ్రైవునకు పోవుటకు నిమిషములు పట్టుటకును కారణ మిదియే. మొదటిది పద్దు మార్పు. రెండవది నిజమైన రవాణా. ఫైలును తొలగించుటయు ఇట్లే సాధారణముగ పద్దును కొట్టివేయుటయే. అందుచేతనే తొలగింపబడిన ఫైళ్లను కొన్ని సందర్భములలో నిపుణులు తిరిగి సంపాదింపగలుగుచున్నారు. స్థలము మరియొక విషయముతో నిండిన పిమ్మట మాత్రము ఆ ఆశ యుండదు.

ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరియొక ఫోల్డరు అను ఈ వృక్షరూపము మొదటినుండి ఉన్నది కాదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి డిస్కు నిల్వయంత్రమును వెలువరించెను. ఏబది పెద్ద పళ్లెములతో బీరువాలంత యుండిన ఆ యంత్రమున పట్టినవి ఏబది లక్షల అక్షరములు మాత్రమే. అంత కొద్దిపాటి సరకునకు చిక్కని వర్గీకరణ మక్కరలేదు. 1965లో మల్టిక్స్ అను వ్యవస్థకై డేలీ, న్యూమన్ అనువారలు ప్రకటించిన పత్రమున శాఖోపశాఖలైన ఫైలు వ్యవస్థ సమగ్రముగ ప్రతిపాదింపబడెను. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన యూనిక్స్ దానిని సరళమొనర్చి వ్యాప్తికి తెచ్చెను. సామాన్యుల బల్లమీదికి వచ్చిన ఎం.ఎస్. డాస్ మాత్రము 1981లో వెలువడినపుడు ఫోల్డర్లు లేకయే వచ్చినది. 1983లో రెండవ రూపమున అవి చేరినవి. ఈ వృక్షమునకు వేరు పైన, కొమ్మలు క్రింద. భగవద్గీత పదునైదవ అధ్యాయమున వర్ణింపబడిన అశ్వత్థమును ఎరిగినవారికి ఈ తలక్రిందుల చెట్టు వింతగ తోపదు. విండోసున వేరు డ్రైవు అక్షరముతో మొదలగును. ఏ, బి అను అక్షరములు ఫ్లాపీలకు కేటాయింపబడినవి గనుక హార్డుడిస్కునకు 'సి' మిగిలెను. ఫ్లాపీలు పోయి చాల కాలమైనను ఆ రెండక్షరముల చోటు నేటికిని ఖాళీగనే యుంచబడుచున్నది. లినక్సున వేరు ఒక్కటియే. దానికి గుర్తు ముందుకు వాలిన గీత.

ఇక ఈ వృక్షమున ఏ కొమ్మ ఎవరిది? యంత్రమును ఉపయోగించువాడు వ్రాసికొన్నవి, తెచ్చికొన్నవి స్వకీయ ఫైళ్లు. యంత్రము తాను నడచుటకు ఉంచుకొన్నవి వ్యవస్థా ఫైళ్లు. మీట నొక్కగనే యంత్రము మేలుకొను క్రమమును గమనించినచో రెండవ తెగ ప్రయోజనము బోధపడును. మూలఫలకమందలి చిన్న కార్యక్రమము ముందుగ లేచి, డిస్కులో ప్రత్యేకముగ వేరుచేయబడిన చిన్న విభాగమునుండి ప్రారంభక ఫైలును పిలుచును. అది విండోస్ ఫోల్డరులోని సిస్టం32 అను ఉపఫోల్డరునకు పోయి వ్యవస్థ యొక్క గర్భకార్యక్రమమును జ్ఞాపకమునందు నిలుపును. అది పరికరములను నడపు డ్రైవరు ఫైళ్లను ఒక్కొక్కటిగ తెచ్చుకొనును. తెర వెలుగుట, మీటల పలక పలుకుట, ముద్రణయంత్రము కదలుట ఇవన్నియు ఈ ఫైళ్ల చలవయే. ఈ క్రమమున ఒక్క ఫైలు లోపించినను, చెడినను తరువాతి మెట్టు ఎక్కుట అసాధ్యము కావచ్చును.

విండోసున 'విండోస్', 'ప్రోగ్రాం ఫైల్స్', 'ప్రోగ్రాండేటా' అనునవి వ్యవస్థకును, అందు స్థాపింపబడిన సాధనములకును చెందినవి. 'యూజర్స్' అను ఫోల్డరులో ఒక్కొక్క వినియోగదారునకు ఒక్కొక్క గృహము. అందును 'యాప్‌డేటా' అను మరుగుగది సాధనములు తమ సెట్టింగులను దాచుకొను చోటు. గృహము వినియోగదారునిదైనను ఆ గదిలో అతడు చేయి పెట్టకుండుట మేలు. లినక్సున గృహములు 'హోం' అను కొమ్మపై నుండును. 'ఈటీసీ' యందు వ్యవస్థా నియమములును, 'బూట్' నందు ప్రారంభక ఫైళ్లును, 'వార్' నందు నిత్యము పెరుగు లెక్కలును ఉండును. అచ్చట రూట్ అను సర్వాధికారి తక్క ఇతరులు వ్యవస్థా కొమ్మలను ముట్టజాలరు. విండోస్ 2007లో విస్టా వెలువడిన నాటినుండి ఇట్టి కట్టుబాటును గట్టిపరచినది. ముఖ్యమైన ఫైళ్లకు యజమాని యంత్రము కొన్నవాడును కాడు, దాని నిర్వాహకుడును కాడు. 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అను లోపలి అధికారి. డబ్బు పెట్టి కొన్న యంత్రమున తన కధికారము లేకపోవుట యేమని కొందరు కోపించుట కలదు. కట్టడము పునాదిని త్రవ్వు హక్కు ఏ ఫ్లాటు యజమానికిని ఉండదు గదా!

పాత పేర్లు పోకపోవుట వ్యవస్థా ఫోల్డర్ల లక్షణము. సిస్టం32 అను పేరు ముప్పది రెండు బిట్ల విండోస్ కాలమునాటిది. అరువది నాలుగు బిట్ల విండోసు వచ్చినపుడు అరువది నాలుగు బిట్ల ఫైళ్లను అందే యుంచి, ముప్పది రెండు బిట్ల ఫైళ్లకు 'సిస్‌వావ్64' అను క్రొత్త ఫోల్డరును కట్టిరి. పేరునందలి సంఖ్యయు లోపలి సరకును పరస్పర విరుద్ధములు! సంఖ్యను నమ్మి ఒకదానిని అనవసరమని తలచువాడు యంత్రమునే పోగొట్టుకొనును. పాత పేరును నమ్మి వ్రాయబడిన అసంఖ్యాక సాధనములు చెడకుండవలెనని చేసిన ఏర్పాటది. భాషలో రూఢిపదములు వ్యుత్పత్తిని విడిచి నిలిచినట్లే ఇదియు.

ఫైలు పేరుచివర చుక్క తరువాత వచ్చు రెండు మూడక్షరములు వ్యాకరణమునందలి ప్రత్యయము వంటివి. ఆ ఫైలు వ్రాతయో, బొమ్మయో, నడచు కార్యక్రమమో అది సూచించును. విండోసు తెలిసిన ప్రత్యయములను సాధారణముగ చూపక దాచును. దీనివలన చూపునకు ముచ్చటయేగాని అర్థమునకు హాని కలదు. 2000 మే నెలలో లోకమంతట వ్యాపించిన 'ఐ లవ్ యూ' అను క్రిమి తన ఫైలునకు రెండు ప్రత్యయములను తగిలించుకొనెను. ముందరిది కేవల వ్రాతను సూచించు 'టి.ఎక్స్.టి.', వెనుకది నడచు కార్యక్రమమును సూచించు 'వి.బి.ఎస్.'. వెనుకది దాచబడుటచేత జనులు ప్రేమలేఖ యనుకొని తెరచిరి. ప్రత్యయములు కనబడునట్లు అమర్చుకొనుట ప్రతి పరిశోధకుడును మొదట చేయవలసిన పని.

తెలియక చేసిన హాని ఒక తీరు. తెలిసినట్లు భ్రమించి చేసిన హాని మరియొక తీరు. 2001లో 'సల్ఫ్‌ఎన్‌బీకే' అను ఫైలు క్రిమి యనియు, దానిని వెంటనే తొలగింపుడనియు ఈమెయిలు వదంతి యొకటి పుట్టెను. వాస్తవమున అది పొడవైన ఫైలు పేర్లను కాపాడుటకు విండోసుతో వచ్చిన సాధనము. మరుసటి సంవత్సరము 'జేడీబీజీఎంజీఆర్' అను ఫైలునకు అదే గతి పట్టెను. దానికి ఎలుగుబంటి పిల్ల బొమ్మ గుర్తుగ నుండుట జనుల అనుమానమును మరింత పెంచెను. వదంతిలో చెప్పినట్లు వెదకగనే ఆ ఫైలు ప్రతివాని యంత్రమునను కనబడెను. కనబడుటయే రుజువనుకొని తొలగించి, ఆ వార్తను మిత్రులకు పంపిరి. వ్యవస్థతో వచ్చిన ఫైలు ప్రతి యంత్రమున నుండుటలో వింత యేమి?

ఒక్క ఫైలు ఎంత చేయగలదో ద్వారక సమీపమందే లోకము చూచినది. 2024 జూలై 19వ తేదీన భారత కాలమానమున ఉదయము 9 గంటల 39 నిమిషములకు క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాధనముల సంస్థ తన వినియోగదారుల యంత్రములకు ఒక చిన్న ఫైలును పంపెను. అది సిస్టం32 లోని డ్రైవర్స్ ఫోల్డరునందు ఆ సంస్థ పేర నుండు ఉపఫోల్డరులో చేరెను. వెంటనే యంత్రములు నీలితెర చూపి నిలిచిపోయెను. తిరిగి లేపినచో మరల అదే స్థితి. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము దెబ్బతిన్న యంత్రములు 85 లక్షలు. ఇది ప్రపంచమందలి విండోసు యంత్రములలో నూటికి ఒకటికంటె తక్కువయే. అయినను ఆ ఒక్క పాలు విమానసంస్థలలోను, ఆసుపత్రులలోను, బ్యాంకులలోను ఉండినది. ద్వారకకు పొరుగుననున్న ఢిల్లీ విమానాశ్రయమున విమానముల వివరములను తెల్లబల్లపై చేతితో వ్రాయవలసి వచ్చెను. హైదరాబాదున ప్రయాణికునకు చేతివ్రాతతో బోర్డింగు పాసు ఇయ్యబడెను.

ఈ ఉదంతమున ఫైళ్ల అధ్యయనము చేయువాడు గమనింపవలసిన అంశములు కొన్ని గలవు. ఆ ఫైలు పేరు 'సి-00000291' అను అక్షరములతో మొదలై 'సిస్' అను ప్రత్యయముతో ముగియును. సామాన్యముగ ఆ ప్రత్యయము డ్రైవరునకు గుర్తు. ఆ ఫైలు మాత్రము డ్రైవరు కాదు. డ్రైవరు చదువుకొను సమాచారము. చదువు కార్యక్రమమునకు ఇరువది అంశములే అందింపబడగా, ఇరువది యొకటవ దానిని చూడుమని క్రొత్త సమాచారము కోరెను. లేని చోటును చదువబోయి అది కూలెను. సామాన్య సాధనము కూలినచో అది యొక్కటియే మూతపడును; వ్యవస్థాగర్భమున నడచునది కూలినచో యంత్రమంతయు దానితో పోవును. ఫైలు ఎంత పెద్దదనునది కాక, ఎచ్చట నున్నది, ఎవరు దానిని చదువుదురు అనునదియే ఇచ్చట ముఖ్యము. సంస్థ 78 నిమిషములలోనే తప్పు ఫైలును వెనుకకు తీసికొనెను. అప్పటికే పడిపోయిన యంత్రములకు ఆ సవరణ చేరు దారి లేకపోయెను. సేఫ్ మోడ్ అను కనీసస్థితిలో యంత్రమును లేపి, పైన చెప్పిన మార్గమున పోయి, ఆ ఫైలును చేతితో తొలగించుటయే ఆనాడు ప్రకటింపబడిన చికిత్స. వదంతిని నమ్మి వ్యవస్థా ఫైలును తొలగించుట ఎంత తప్పో, నిర్మాతయే ప్రకటించిన మార్గమున, పేరు పోల్చుకొని తొలగించుట అంత యుక్తము.

తెలుగు పరిశోధకునకు ఇందుతో నేమి పని యన్నచో, అతని స్వకీయ ఫైలు సహితము వ్యవస్థా ఫైళ్లపై ఆధారపడియే తెలుగుగ కనబడుచున్నది. తాళపత్రమునకు గంటము, మసి, చదువరి కన్ను చాలును. కంప్యూటరు ఫైలులో అక్షరము రూపముతో నుండదు, సంకేతసంఖ్యగ నుండును. 'శ్రీ' యని కంటికి ఒక్క అక్షరముగ తోచునది లోపల శకారము, పొల్లు, రేఫము, ఈత్వము అను నాలుగు సంకేతములు. వానిని కూర్చి ఒక్క రూపముగ తీర్చునది వ్యవస్థలోని లిపికూర్పు ఫైలు. ఆ రూపమును అందించునది ఫాంట్స్ ఫోల్డరులోని ఫాంటు ఫైలు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఈ రెండును తెలుగునకు సమకూరెను. ఆనాటి ఫాంటునకు గౌతమి యని పేరు. 2012లో విండోస్ 8 తో నిర్మలా యను ఫాంటు వచ్చెను. విండోస్ 10 నాటికి గౌతమి తప్పనిసరి ఫాంటుగ నుండక, కోరినచో చేర్చుకొను అనుబంధముగ మారెను.

దీని పర్యవసానమును ఉదాహరణముతో చూచిన స్పష్టమగును. గౌతమి ఫాంటులో కూర్చిన నాలుగు వందల పుటల సిద్ధాంతవ్యాసమును అనుబంధము లేని క్రొత్త యంత్రమున తెరచినచో అక్షరము చెడదు. యంత్రము మరియొక ఫాంటును బదులు పెట్టును. ఆ ఫాంటు వెడల్పు, పంక్తుల ఎడము వేరు గనుక పంక్తులు జరుగును, పుటలు మారును. చేతితో కట్టిన పదసూచికలోని పుటసంఖ్యలన్నియు అసత్యములగును. యూనికోడునకు పూర్వపు ఫాంట్ల విషయమున హాని ఇంతకంటె ఘోరము. అను మొదలైన ఆనాటి ముద్రణశాలల ఫాంట్లు ఆంగ్లాక్షరముల సంకేతస్థానములలోనే తెలుగు ముక్కలను పొదిగినవి. ఆ ఫాంటు ఫైలు వ్యవస్థలో లేనిచో తెలుగు పుటంతయు అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగ కనబడును. గ్రంథము పోలేదు, దానిని చదివించు తాళపుచెవి పోయినది. పాత సి.డి.లలో నిద్రించు పుస్తకముల ప్రతులతోపాటు వాని ఫాంటు ఫైలును గూడ భద్రపరచుట, వీలైనంత త్వరలో యూనికోడునకు మార్చుట గ్రంథరక్షణలో భాగమని గుర్తింపవలసియున్నది. ఈ పని తెలుగు శాఖలది. కంప్యూటరు శాఖలవారు ఏ ప్రతి ముఖ్యమో నిర్ణయింపజాలరు.

పేర్లను తెలుగున పెట్టుకొనుట నేడు సాధ్యమే, ఉచితమే. అయినను రెండు మూడు సూక్ష్మములు తెలియవలెను. లినక్సున సాధారణముగ వాడబడు ఈ.ఎక్స్.టి.4 వ్యవస్థలో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. తెలుగు సంకేతమొక్కటి మూడు బైట్లు. 'సిద్ధాంతవ్యాసము' అను మాటలో కంటికి ఆరక్షరములు, లోపల పదునైదు సంకేతములు, డిస్కుపై నలుబదియైదు బైట్లు. కావున మొత్తము ఎనుబదియైదు సంకేతములకే పరిమితి. విండోసున పేరునకు హద్దు విశాలమేగాని, మార్గమంతయు కలిపి 260 సంకేతములు మించరాదను పాత నియమము చాల సాధనములలో నేటికిని అమలునందున్నది. గ్రంథనామమంతటిని ఫోల్డరు పేరుగను, దానిలోపల మరల ఫైలు పేరుగను వ్రాయు అలవాటు గలవారు ఈ హద్దును త్వరలోనే తాకుదురు. తేదీలను వాలుగీతలతో వ్రాయుట ఫైలు పేరులో కుదరదు, ఆ గీత మార్గవిభజనకు గుర్తు గనుక.

ఐత్వము సంగతి మరింత విచిత్రము. యూనికోడున ఐత్వమునకు ఒకే సంకేతము కలదు. ఎత్వమును, ఐత్వపు క్రింది గుర్తును వేరువేరుగ వ్రాసినను అది తుల్యమే యని ప్రమాణము చెప్పుచున్నది. తెలుగు అక్షరములలో ఇట్టి తుల్యత ఐత్వమునకు మాత్రమే కలదు. 'శైవవాఙ్మయము' అను ఫోల్డరు రెండు విధముల వ్రాయబడినచో కంటికి రెండును ఒకటే. విండోసు, లినక్సు ఫైలు వ్యవస్థలు వానిని రెండు వేరు పేర్లుగనే పరిగణించును. ఆపిల్ యంత్రములలోని పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసియే దాచెడిది. అందుచేత ఒక యంత్రమునుండి మరియొకదానికి వచ్చిన ఫైళ్లలో ఒకే పేరు రెండుమార్లు కనబడి పరిశోధకుని కలవరపెట్టుట సంభవము. పొల్లుతో ముగియు మాటల చివర కంటికి కనబడని విభాజకము చేరినపుడును ఇదే చిక్కు: 'ఫైల్' అనునది రెండు తీరుల నుండును, చూపునకు భేదము లేదు. లేఖకుల పాఠభేదములను పరిష్కరించువారికి ఇది క్రొత్తరకము పాఠభేదము, కంటికి అందనిది.

వ్యవస్థా ఫోల్డర్ల పేర్లను తెలుగున చూచినపుడు మరియొక జాగ్రత్త కావలెను. విండోసునకు తెలుగు రూపము తొడిగినచో డాక్యుమెంట్స్ మొదలగు ఫోల్డర్లు తెలుగు పేర్లతో కనబడును. అది ప్రదర్శనము మాత్రమే. మార్గమున నిజనామము ఆంగ్లమే. లినక్సున అట్లు కాదు. భాషను తెలుగుగ ఎంచి గృహమును స్థాపించినచో ఆ ఫోల్డర్లు నిజముగనే తెలుగు పేర్లతో పుట్టును.

సిద్ధాంతవ్యాసము ఎచ్చట నుండవలెను అను ప్రశ్నకు పై వివేచనమునుండియే సమాధానము లభించును. డెస్క్‌టాప్ అనునది తెర కాదు, సి డ్రైవులో వినియోగదారుని గృహమందలి ఒక ఫోల్డరు. వ్యవస్థ చెడి, సి డ్రైవును తుడిచి తిరిగి స్థాపింపవలసి వచ్చినపుడు వ్యవస్థా ఫైళ్లు క్రొత్తగ వచ్చును. అవి ఎచ్చటనైనను దొరకునవియే. డెస్క్‌టాప్‌పై నుండిన అయిదేండ్ల శ్రమ మాత్రము రాదు. ఇది తరచుగ జరుగు నష్టము. దొరకునది కాపాడబడి, దొరకనిది పోవుట. డిస్కును రెండు విభాగములు చేసి వ్రాతలను రెండవదానిలో నుంచుట కొంత మేలు. డిస్కే చెడినచో ఆ మేలును లేదు. దూరమందలి సర్వరుతో ఎప్పటికప్పుడు సరిచూచుకొను ఏర్పాట్లు నేడు సులభములు. ఇచ్చట తొలగించినది అచ్చటను తొలగునని మరువరాదు; కావున సరిచూపు వేరు, భద్రప్రతి వేరు. యంత్రమునుండి విడదీసి బీరువాలో నుంచిన డిస్కులోని ప్రతి ఒకటియైనను ఉండవలెను.

విశ్వవిద్యాలయమునకు సమర్పించు ప్రతి పి.డి.ఎఫ్. రూపమున నుండుట మేలు. అందును 2005లో అంతర్జాతీయ ప్రమాణముగ ప్రకటింపబడిన పి.డి.ఎఫ్.-ఏ యను రూపము ఫాంటులన్నియు ఫైలులోనే పొదుగబడి యుండవలెనని నియమించుచున్నది. అట్టి ఫైలు చదువు యంత్రమునందలి ఫాంట్స్ ఫోల్డరును అడుగదు. సవరణలకు ఉంచుకొను మూలప్రతిని మాత్రము వేరొక యంత్రమున, సాధ్యమైనచో వేరొక ఆపరేటింగు సిస్టమున, తెరచి చూడవలెను. పుటల సంఖ్య మొదటి యంత్రముతో సరిపోయినదా, 'శ్రీ', 'క్ష' మొదలగు సంయుక్తములు విడిపోక నిలిచినవా, ఐత్వములు పదముల వెదకులాటలో దొరకుచున్నవా యని పరీక్షించిన పిమ్మటనే పదసూచికను కట్టుటకు పూనుకొనవలెను.